కాలి బొటనవేలు వంగట్లేదంటే

అక్కా, ముగ్గు వేయడానికి మునివేళ్ల మీద కూర్చున్నా, మెట్లెక్కినా బొటనవేలి మొదట్లో నొప్పి, పైన గట్టి బుడిపె అన్నారు కదా. చాలావరకు అది ఆ కీలు అరుగుదలే. మృదులాస్థి (కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర) అరిగి, పైన ఎముక పెరిగి, వేలు పైకి వంగకుండా అడ్డుపడుతుంది. బలవంతంగా వంచే వ్యాయామాలు చేయొద్దు, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

అసలు మందు చెప్పుల్లోనే ఉంది. కర్నూలులో ఏ షాపుకెళ్లినా చెప్పును రెండు చేతులతో మడిచి చూడండి. సగానికి మడతపడితే వద్దు. అడుగు గట్టిగా, ముందు కొస కాస్త పైకి లేచి, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండాలి. హవాయి చెప్పులు మానేయండి. ముగ్గుకు పీట వేసుకోండి.

రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ (యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే వాపు) అని అనుమానించాలి. నొప్పి రోజుల్లో రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కూడా రావచ్చు, తగ్గాక మళ్లీ చేయించాలి. (గౌట్ ఉన్నా సంగటి మానక్కర్లేదు, కార్జం తగ్గించండి.) వాపుతో జ్వరం ఉన్నా, షుగర్ ఉండి పుండు పడినా ఆగకండి, వెంటనే డాక్టరుకు చూపించండి.

చెప్పులు మార్చినా తగ్గకపోతే పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి, నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి. పెరిగిన ఎముకను చెక్కేసే ఆపరేషన్ ఉంది, మరీ అరిగిపోతే కీలు కదలకుండా అతికిస్తారు.