టెంటు బయట సింహం సంగతి సరే, అత్తయ్య టిఫిన్ వేళ చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. కెన్యా రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు దసరా సెలవులకు రమ్మని పిలిచాడు. అక్కడి మసాయి మారా అభయారణ్యంలో నాలుగు రాత్రులు టెంట్ల క్యాంపులో ఉండేలా ఏర్పాటు చేస్తున్నాడు. నేను, మావారు, ఏడేళ్ల బాబు, మా అత్తయ్య వెళ్లాలనుకుంటున్నాం. అత్తయ్యకు 66 ఏళ్లు. చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నాయి. ఉదయం, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. పాదాల్లో తిమ్మిర్లు ఉన్నాయి. బాబుకు దుమ్ము తగిలితే పిల్లికూతలు వస్తాయి. అడవి మధ్యలో గుడ్డ గుడారంలో అత్తయ్యను ఉంచడం మంచిదేనా? ఇన్సులిన్‌కు ఫ్రిజ్ ఉండదేమో. మలేరియా మాత్రలు వేడి చేస్తాయని, దోమలు మనకు అలవాటే కాబట్టి అక్కర్లేదని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

సలహా: అత్తయ్యను తీసుకెళ్లండమ్మా. షుగర్ ఉన్నంత మాత్రాన ఆవిణ్ని ఇంట్లో వదిలి వెళ్లాల్సిన పనిలేదు. మీ ఉత్తరంలో భయమంతా గుడారం మీదే కనిపిస్తోంది. మారా క్యాంపుల్లో టెంటు అంటే మందపాటి కాన్వాసు గోడలు, జిప్పు తలుపు, కిటికీలకు దోమతెర, లోపల మామూలు మంచం, చాలావాటిలో వెనక వైపు స్నానాల గది కూడా ఉంటాయి. చీకటి పడ్డాక భోజనాల టెంటుకు వెళ్లాలన్నా తిరిగి రావాలన్నా కాపలావాళ్లు టార్చి పట్టుకుని తోడు వస్తారు. ఏనుగు, హిప్పో, సింహం సంగతి వాళ్లు చూసుకుంటారు. దోమ కాటు, ఇన్సులిన్ వేళ, ఇంటికొచ్చాక వచ్చే జ్వరం మాత్రం మీరే చూసుకోవాలి. నాకు భయం వీటి గురించే.

ముందు మలేరియా. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మలేరియా ముప్పు తక్కువ. 'ఇక్కడ ఎవరూ మాత్రలు వేసుకోరక్కా' అని మీ తమ్ముడు అంటే నైరోబీ వరకూ అది నిజమే. మారా అంతకంటే కిందుంటుంది, అక్కడ మలేరియా ఉంది. ఇక 'మనకు దోమలు అలవాటే' అన్న మాట. భద్రాచలం ఏజెన్సీలో పుట్టి పెరిగి, పదేపదే మలేరియా పడ్డవారికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. ఊరు వదిలి కొన్నేళ్లు దూరంగా ఉంటే వాళ్లకూ అది పోతుంది. ఖమ్మం టౌనులో రోజూ దోమలు కుట్టినంత మాత్రాన అలాంటి రక్షణేమీ రాదు. పైగా కెన్యాలో వచ్చేది దాదాపు అంతా ఫాల్సిపేరం రకం. చికిత్స ఆలస్యమైతే మెదడుకూ కిడ్నీలకూ ఎక్కి, ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. మన మందుల షాపుల్లో అలవాటుగా ఇచ్చే క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు.

కాబట్టి నలుగురూ నివారణ మాత్రలు వేసుకోవాలి. ఎవరికి ఏది అన్నది వేరువేరు. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ బయల్దేరడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ వేసుకుని, మారా నుంచి వచ్చాక మరో ఏడు రోజులు కొనసాగిస్తే చాలు. మీ బాబుకు నేను ఇదే ఎంచుతాను, మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఖాళీ కడుపున వేస్తే సరిగా ఒంటికి పట్టదు. నెయ్యి వేసిన అన్నం తిన్నాకో, పాలతోనో వేయండి. ఇది అన్ని షాపుల్లోనూ దొరకదు, నెల ముందే వెతకడం మొదలుపెట్టండి. అత్తయ్యకు ఇదే ఇవ్వాలంటే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. కిడ్నీల పనితీరు బాగా తగ్గి ఉంటే ఈ మందు ఇవ్వం. మీకూ మీవారికీ డాక్సీసైక్లిన్ సరిపోతుంది, చవక కూడా. కానీ తిరిగొచ్చాక నాలుగు వారాలు ఆపకుండా వాడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు అది వద్దు. వారానికి ఒకసారి వేసే మెఫ్లోక్విన్ కూడా ఉంది గానీ ఫిట్స్, డిప్రెషన్, గుండె లయ సమస్యలు ఉన్నవారికి పనికిరాదు.

మాత్రలు వేడి చేస్తాయన్న మాట ఊరికే పుట్టలేదు. డాక్సీసైక్లిన్‌ను ఖాళీ కడుపున, రెండు గుక్కల నీళ్లతో మింగి వెంటనే నడుం వాలిస్తే గొంతు కింద మంట పుడుతుంది. దానిమీద ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట కూర్చుంటే మంట రాదు. టోపీ, సన్‌స్క్రీన్ వాడితే రెండోదీ తగ్గుతుంది. మజ్జిగ తాగితే పోయే వేడి కాదిది. పైగా పాలు, మజ్జిగ, క్యాల్షియం మాత్రలు ఆ మందును ఒంట పట్టనివ్వవు, వాటికీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి.

మాత్రలు వేసుకున్నా దోమ కాటు తప్పించుకోవాల్సిందే. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా. క్యాంపుల్లో సరిగ్గా ఆ వేళకే నెగడు చుట్టూ కుర్చీలు వేస్తారు. అందరూ షార్టుల్లో, చెప్పుల్లో కూర్చుంటారు, మొదట కుట్టించుకునేది చీలమండలే. సాయంత్రం స్నానమయ్యాక ఫుల్ ప్యాంటు, పొడుగు చేతులు, సాక్సులు వేసుకుని, మిగిలిన చోట దోమల్ని దరిచేరనివ్వని డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న క్రీము రాసుకోండి. పగలైతే ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక ఈ క్రీము. బాబు అరచేతులకు మాత్రం రాయకండి, కళ్లు నులుముకుంటాడు.

బట్టల్లో ముదురు నీలం, నలుపు తీసేయండి. సెట్సీ ఈగలకు ఆ రంగులంటే ఇష్టం, పలచటి బట్ట మీంచి కూడా కుడతాయి, కుడితే బాగా నొప్పి. అవి తెచ్చే నిద్రరోగం గురించి నెట్‌లో చదివి బెంబేలెత్తకండి. కెన్యాలో అది ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ధ్రువీకరించింది.

ఇక అత్తయ్య. ఆవిడకు అసలు ముప్పు పొద్దున్నే. సఫారీ జీపులు ఆరు, ఆరున్నరకే బయల్దేరుతాయి. అంతకుముందు టెంటు దగ్గరికి టీ, రెండు బిస్కెట్లు వస్తాయి. టిఫిన్ మాత్రం తిరిగొచ్చాకే, తొమ్మిదిన్నరో పదో అవుతుంది. చిరుత చెట్టెక్కిందని వైర్‌లెస్‌లో కబురొస్తే ఇంకా ఆలస్యం. ఇంట్లో అలవాటు చొప్పున ఆవిడ లేవగానే ఇన్సులిన్ వేసుకుని ఆ రెండు బిస్కెట్లతో జీపెక్కారనుకోండి, ఎనిమిదింటికల్లా షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మాట మొదలవుతాయి. పక్కనున్నవాళ్లు ఎండకో కుదుపులకో కళ్లు తిరిగాయనుకుంటారు. గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్రలు వేసుకునేవారికీ ఇదే ముప్పు.

దీనికి రెండు దారులున్నాయి. బయల్దేరే ముందే ఆవిడకు పూర్తి టిఫిన్ పెట్టమని క్యాంపు వాళ్లకు ముందురోజే చెప్పి, ఇన్సులిన్ వేసుకుని తినేసి వెళ్లడం ఒకటి. ఇన్సులిన్ వేసుకోకుండా వెళ్లి, తిరిగొచ్చి టిఫిన్ ముందు పెట్టుకున్నాక వేసుకోవడం రెండోది. రెండు పూటలు వేసే కలగలుపు ఇన్సులిన్ అయితే నేను మొదటిదే మేలంటాను, మధ్యాహ్న భోజనం వేళ చెదరదు. ఆవిడ్ని రోజూ చూసే డాక్టర్‌తో ఇది ముందే మాట్లాడి, ఏ పూట ఎన్ని యూనిట్లో కాగితం మీద రాయించుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, పెద్ద తేడా కాదు. గ్లూకోమీటరు, గ్లూకోజ్ పొడి టెంటులో కాదు, జీపులో మీ ఒళ్లో ఉండాలి.

ఇంకొకటి, ఆడవాళ్లు డాక్టర్‌కు కూడా చెప్పుకోరు. పార్కులో ఎక్కడపడితే అక్కడ జీపు దిగనివ్వరు. మూత్రానికి ఇబ్బందని మన పెద్దావిడలు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. షుగర్ ఉన్నవారికి దాంతో నీరసం, మూత్రంలో మంట, కిడ్నీల మీద భారం. డ్రైవర్‌కు సురక్షితమైన చోట్లు తెలుసు, మొహమాటం లేకుండా అడగండి. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే అందులో సాధారణంగా మూత్రం ఎక్కువగా వచ్చే మందు కలిసి ఉంటుంది. ఆ నాలుగు రోజులూ దాన్ని సఫారీ నుంచి వచ్చాక వేసుకోవచ్చేమో అడగండి. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతుంటే వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఆపాలి.

ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేకపోయినా గండమేమీ లేదు. వాడుతున్న సీసా లేదా పెన్ను సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాలు పాడవదు. మారాలో రాత్రి చలే. పాడుచేసేది మన అతి జాగ్రత్తే. వంటవాళ్లకిచ్చి ఫ్రీజర్‌లో పెట్టించడం, ఐసు ముక్కల్లో కప్పెట్టడం లాంటివి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. జీపు అద్దం దగ్గర ఎండలో పెట్టినా అంతే. విమానంలో చేతి సంచీలోనే ఉంచండి. డాక్టర్ చీటీ కూడా అందులోనే. మందుల్ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకెళ్లకండి. కెన్యాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2017 నుంచి నిషేధం. స్టీలు డబ్బా హాయి.

చలి అన్నాను కదా. చాలా క్యాంపుల్లో రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు దుప్పటి కింద వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టి వెళ్తారు. అందరికీ సుఖంగా ఉంటుంది, మీ అత్తయ్యకు మాత్రం కాదు. పాదాల్లో తిమ్మిర్లున్నవారికి వేడి తెలియదు. కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోతే తెల్లారేసరికి బొబ్బ లేస్తుంది, షుగర్ పుండుగా మారుతుంది. పక్క వెచ్చబడ్డాక ఆ సంచి తీసేయండి, ఆవిణ్ని ఉన్ని సాక్సులు వేసుకోమనండి. టెంటులో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దు. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి, తేళ్లుండొచ్చు. భోజనాల టెంటుకు దగ్గరగా, మెట్లు లేని టెంటు అడగండి. ఆ మట్టిదారి కుదుపులను డ్రైవర్లు సరదాగా 'ఆఫ్రికన్ మసాజ్' అంటారు. నడుం నొప్పి, ఎముకల బలహీనత ఉన్నవారికి అది సరదా కాదు, జీపులో మధ్య సీటు ఇప్పించండి.

టీకాల్లో తప్పనిసరి అయింది యెల్లో ఫీవర్. కెన్యా నుంచి వచ్చేవారి దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే మన దేశంలో దిగాక ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేయించుకోవాలి, మీకు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. వేయించుకున్న పది రోజులకు కార్డు చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది. షుగర్, బీపీ దీనికి అడ్డు కాదు. కానీ అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో, అరుదుగానే అయినా, తీవ్రమైన దుష్ప్రభావాలు రావచ్చు. అందుకే అత్తయ్య విషయం అక్కడి డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. గుడ్డు అలర్జీ ఉందేమో, స్టెరాయిడ్లు లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారేమో చెప్పండి. వద్దని వైద్య మినహాయింపు లేఖ ఇస్తే, దాన్ని మన ఎయిర్‌పోర్టులో ఒప్పుకుంటారో లేదో టికెట్ కొనకముందే కనుక్కోండి. టైఫాయిడ్, హెపటైటిస్–ఎ టీకాలు కూడా వేయించుకుంటే మంచిది.

బాబుకు ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్) జీపులోనే ఉండాలి, ముందు జీపు దుమ్ము మీదికొచ్చేటప్పుడు ముక్కుకు మాస్కు. రోజూ వాడే ఇన్‌హేలర్ రాసి ఉంటే ఊరెళ్తున్నామని మానేయకండి. నెబ్యులైజర్ మీద ఆధారపడొద్దు, చాలా క్యాంపుల్లో కరెంటు కొన్ని గంటలే. నిజానికి వాడి విషయంలో నాకు సింహం కంటే కోతి మీదే అనుమానం. కోతులు, బబూన్లు బిస్కెట్ల కోసం టెంటు జిప్పు కూడా తీస్తాయి. తినుబండారాలు టెంటులో ఉంచకండి. కరిచినా గీరినా సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే నైరోబీకి బయల్దేరండి. రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఖమ్మం వచ్చాక చూద్దామనుకునే పని కాదు. 1957లో మొదలైన ఆమ్‌రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ సేవ నైరోబీ నుంచి చిన్న విమానాల్లో రోగులను తరలిస్తుంది. మీ క్యాంపుకో, మీ ఇన్సూరెన్సుకో ఆ ఏర్పాటు ఉందా అని తమ్ముణ్ని అడగమనండి. కడుపు సంగతి మీకు తెలిసిందే. సీసా నీళ్లు, వేడి భోజనం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంటికొచ్చాక. ఫాల్సిపేరం బయటపడటానికి కనీసం వారం పడుతుంది. నాలుగు రాత్రుల ప్రయాణమంటే జ్వరం వచ్చేది మారాలో కాదు, ఖమ్మంలో. అప్పుడు జరిగేది నాకు తెలుసు. టైఫాయిడ్ కోసం వైడాల్, ప్లేట్‌లెట్లు పరీక్ష చేస్తారు, ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ అంటారు, సెలైన్ పెడతారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తిరిగొచ్చిన మూడు నెలల్లో నలుగురిలో ఎవరికి జ్వరం వచ్చినా, మాత్రలు సరిగ్గా వేసుకున్నా సరే, డాక్టర్‌కు మొదటి మాటగా 'కెన్యా వెళ్లొచ్చాం' అని చెప్పి, మలేరియా రాపిడ్ టెస్టు, రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) ఆ రోజే చేయించండి. ఒకసారి నెగటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో మళ్లీ చేయించాలి, అవసరమైతే మూడోసారీ.

– జనరల్ ఫిజీషియన్