చక్రం నట్టు పోయిందా? రెండో పక్క నట్టు విప్పి జేబులో వేసుకుని రాణిగంజ్ వెళ్ళండి

ప్రశ్న: "నా 1/10 సైజు రిమోట్ కారు వెనక చక్రం నట్టు, దాని లోపలి చిన్న పిన్ను ఎక్కడో పడిపోయాయి. ఈ మోడల్ విడిభాగాలు మన దగ్గర దొరకడం లేదు. ఏం చేయాలి?"

ముందు మోటారు చుట్టూ ఒకసారి చూడండి. నవ్వకండి. మోటారు లోపల అయస్కాంతాలుంటాయి, ఊడిపోయిన ఇనుప ముక్క వెళ్ళి దాని పొట్టకి అతుక్కుంటుంది. నాకు రెండుసార్లు స్క్రూలు అక్కడే దొరికాయి. అక్కడ కూడా లేకపోతే మిగతాది చదవండి.

రెండేళ్ళ కిందట వేసవి సెలవులకి మా మేనల్లుడు విజయవాడ నుంచి మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చాడు. మా బావ ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళినప్పుడు కొని తెచ్చిన కారుని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఏ కంపెనీదో చెప్పను. ఆదివారం పొద్దున్నే కాలనీ గ్రౌండుకి వెళ్ళాం. అటు చివర పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మూడో రౌండులో కారు మలుపు తీసుకుంటుండగా వెనక కుడి చక్రం విడిపోయి తన దారిన తాను వెళ్ళిపోయింది. కవర్స్‌లో నిలబడ్డ కుర్రాడు దాన్ని బంతి అనుకుని కాలు అడ్డం పెట్టి ఆపాడు.

అలా చక్రం దొరికింది. దాని వెనక ఉండే 12 మిల్లీమీటర్ల ఆరు పలకల బిళ్ళ, హెక్స్ అంటారే, అది కూడా చక్రంలోనే ఇరుక్కుని ఉంది. నట్టు లేదు. ఇరుసుకి అడ్డంగా దూరే పిన్ను లేదు. ఆ పిన్ను ఎంతనుకున్నారు? అగ్గిపుల్లలో నాలుగో వంతు. అది లేకపోతే మోటారు తిరుగుతుంది, ఇరుసూ తిరుగుతుంది, చక్రం మాత్రం కదలదు.

పాత స్పీకర్ అయస్కాంతానికి తాడు కట్టి గ్రౌండంతా లాగాం. క్రికెట్ పిల్లలు కూడా ఆట ఆపి వచ్చారు, దొరికితే ఒక్కొక్కరికి ఒక రౌండు నడపనివ్వాలన్న షరతు మీద. సోడా మూతలు, బ్లేడు ముక్క, ఎవరిదో బీరువా తాళంచెవి దొరికాయి. (ఆ తాళంచెవి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.) నట్టూ పిన్నూ దొరకలేదు. కొందరు నీలం, ఎరుపు రంగుల అల్యూమినియం నట్లు కొని బిగిస్తారు. షోకు బాగానే ఉంటుంది గానీ, పడిపోతే అయస్కాంతానికి చిక్కవు. స్టెయిన్‌లెస్ స్టీలూ చాలావరకు అంతే. నల్లటి మామూలు ఇనుపవే నయం.

మా మేనల్లుడు గురువారం బయల్దేరాలి. ఆన్‌లైన్లో చూస్తే ముక్క ధర కంటే రవాణా ఖర్చు రెండింతలు, రావడానికి పన్నెండు రోజులు. వాడి మొహం చూస్తే నాకు టెన్షన్. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70కి తీసుకెళ్ళారు. మన బొమ్మల పరిశ్రమ పెరగాలని చేశారట. పెరగనివ్వండి, సంతోషమే. నా గొడవల్లా వేలు పోసి కారు కొన్నవాడికి పావలా పిన్ను అమ్మే దిక్కు లేకపోవడం గురించి.

మొదట నేనే తెలివి చూపించాను. సన్న మేకు కోసి పెట్టాను. మేకు ఇనుము మెత్తన. పది నిమిషాలకే వంగి ఇరుసు రంధ్రంలో ఇరుక్కుంది. దాన్ని సుత్తితో కొట్టి బయటికి తీసేసరికి సాయంత్రమైంది. మీరు ఆ పని చేయకండి.

మర్నాడు మా సందు చివర సైకిల్ షాపు తాత దగ్గరికి వెళ్ళాం. ఎడమ చక్రం పిన్ను తీసి చూపించాను. ఆయన వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించి, పాత టిన్ను డబ్బాలోంచి సైకిల్ చువ్వ తీశాడు. మామూలు 14 గేజ్ చువ్వ మందం సరిగ్గా 2 మిల్లీమీటర్లు, మా పిన్నూ అంతే. హాక్సా బ్లేడుతో 10 మిల్లీమీటర్లకి కోసి, రెండు చివరలూ ఆకురాయితో గుండ్రంగా రాశాడు. ఆ రాయడమే అసలు పని. పొడవు ఎక్కువైతే హెక్స్ గాడిలో కూర్చోదు, తక్కువైతే గాడి అంచుల్ని కొరికేస్తుంది. "ఎంత ఇయ్యాలె తాతా?" అంటే "చువ్వకు పైసలియ్యి. గింత ముక్క కోసినందుకు ఏం తీస్కోను" అన్నాడు. మిగతా చువ్వ కూడా మా చేతికే ఇచ్చాడు.

నట్టు కోసం సికింద్రాబాద్‌లో నట్లూ బోల్టులూ అమ్మే రాణిగంజ్ బజారు. ఆన్‌లైన్లో తిరిగేవాళ్ళకి ఇది ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. రిమోట్ కారుకని వేరే నట్టేమీ ఉండదు. ఈ 1/10 సైజు కార్లలో ఎక్కువ వాటికి ఉండేది 4 మిల్లీమీటర్ల నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది), పిచ్ అంటే మర చుట్ల మధ్య దూరం 0.7, పానా 7 నంబరు. షాపులో "రిమోట్ కారు వీల్ నట్" అని అడిగితే పక్క షాపు చూపిస్తారు. పేరు చెప్పొద్దు, ఎడమ పక్క నట్టు తీసి కౌంటర్ మీద పెట్టండి. నేను పెట్టగానే ఆయన వెనక్కి తిరక్కుండానే చేయి చాపి పొట్లం తీశాడు. "నాలుగు చాలు" అన్నాను. "నాలుగు నట్లకు బిల్లు రాస్తే కాగితం పైసలు గూడ రావు సార్, వంద తీస్కోండి" అన్నాడు. తీసుకున్నాను. ఏం చేస్తాను?

ఒకటి గమనించండి. మా నట్టు దానంతట అది పోలేదు. లోపలి నైలాన్ రింగు అరిగిపోయింది, అంతే. ప్రతివారం చక్రాలు విప్పి కడగడం మావాడికి సరదా. కొత్త నట్టు చేత్తో సగం దాకా ఎక్కి, నైలాన్ దగ్గర బిగుసుకుని పానా అడగాలి. చివరిదాకా వేలితో ఎక్కిపోతే పారేయండి.

పాత అమెరికా కార్లతో మాత్రం జాగ్రత్త. 1984లో వచ్చిన ఆర్‌సీ10 అనే రిమోట్ కారు లాంటి వాటికి అంగుళాల కొలత మరలు. మన నట్టు రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మర తినేస్తుంది. ఎక్కనన్నప్పుడు బలవంతం చేయకండి.

మోటారు పళ్ళచక్రానికి ఉండే గ్రబ్ స్క్రూ, అంటే తల లేని చిన్న స్క్రూ పోతే అదీ రాణిగంజ్‌లోనే దొరుకుతుంది. ఎక్కువ కార్లకి 3 మిల్లీమీటర్లది, ఎలన్ కీ 1.5. బిగించే ముందు నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే మర వదులు కాకుండా పట్టే జిగురు, ఒక్క చుక్క వేయండి. ఎరుపుది వద్దు, మళ్ళీ విప్పాలంటే వేడి చేయాలి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకి మాత్రం ఏదీ వేయకండి, ప్లాస్టిక్ పగులుతుంది. పైన బాడీకి పెట్టే క్లిప్పు పోతే ఇంట్లో పిన్నీసు ఉంటుంది కదా.

గురువారం దాకా కారు బాగానే తిరిగింది. క్రికెట్ పిల్లలు ఏమీ కనిపెట్టకపోయినా తలా ఒక రౌండు నడిపే వెళ్ళారు. ముప్ఫై నట్లు పొట్లం కట్టి మావాడికిచ్చి పంపాను. మిగతా చువ్వతో మా ఆవిడ బాత్రూం జాలీలో ఇరుక్కున్న జుట్టు తీస్తోంది, అడిగితే ఇవ్వదు. నట్లు మాత్రం హార్లిక్స్ సీసాలో ఇంకా అరవై పైనే ఉన్నాయి.