రొసారియోకు రమ్మనే ముందు: ఒక యువ రచయితకు లేఖ

హన్మకొండ

తమ్మీ,

నీ వ్యాసం చదివాను. మెస్సీ చివరి రెండు మూడేళ్లు అర్జెంటీనా లీగ్‌లో, పుట్టిన ఊరు రొసారియోలోని చిన్నప్పటి ఫుట్‌బాల్ క్లబ్ న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్‌కు ఆడాలని నీ వాదన. నా మాట వేరే అయినా, నువ్వు ఆ వాదన చేయడంతో నాకు పేచీ లేదు, రాసిన తీరుతోనే పేచీ. పేజీకి రెండుసార్లు పుట్టిన మట్టి పిలిచింది, నడుమ నడుమ కన్నతల్లి కంటతడి పెట్టింది. బంతి మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు.

మొదటి పేరాలోనే ‘తాను వెలిగిన లీగ్‌కు మెస్సీ తిరిగి రావాలి’ అని రాశావు. అర్జెంటీనా ఫస్ట్ డివిజన్‌లో మెస్సీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. న్యూవెల్స్ పిల్లల జట్లలో ఆడాడు. ఎదుగుదల హార్మోన్ లోపం బయటపడింది. ఆ వైద్యం ఖర్చు భరిస్తామని బార్సిలోనా ముందుకొచ్చింది. 13 ఏళ్లకే స్పెయిన్ వెళ్లిపోయాడు. అంటే ఇప్పుడు వస్తే తెలిసిన ఊరికి వస్తాడు, తెలియని లీగ్‌లో దిగుతాడు. నీ వ్యాసానికి అసలు సరుకు ఇదే. దాన్ని వదిలేసి ఎవరికైనా పనికొచ్చే కవిత్వం పరిచావు. ఆ పేరాల్లో మెస్సీ పేరు తీసేసి నెయ్‌మార్ పేరు పెట్టి చూడు, ఒక్క అక్షరం మార్చే పని లేదు. అలాంటి పేరా ఎక్కడ కనబడ్డా కొట్టేయ్.

రెండో పేజీలో ‘మారడోనా కూడా ఇంటికొచ్చాడు’ అని ఒక్క ముక్క వేసి పోయావు. ఎత్తుకున్నాక పూర్తిగా చెప్పాలి కదా. 1993లో స్పెయిన్ క్లబ్ సెవియా నుంచి ఆయన వచ్చింది ఇదే న్యూవెల్స్‌కు. మరుసటి ఏడాది అమెరికాలో ప్రపంచకప్ ఉంది, దానికి ఒళ్లు సిద్ధం చేసుకోవాలి. ఊరు ఊగిపోయింది. తీరా ఆడిన అధికారిక మ్యాచ్‌లు ఐదు. 1994 మొదట్లోనే క్లబ్‌తో తెగిపోయింది. ఆయన దృష్టి ప్రపంచకప్ మీద ఉంది, న్యూవెల్స్ దారిలో ఒక మజిలీ.

అదే క్లబ్‌లో ఇంకో కథ ఉంది, అది నీకు దొరకలేదు. 2012 నాటికి న్యూవెల్స్ కింది డివిజన్‌కు జారే ప్రమాదంలో పడింది. అర్జెంటీనాలో అప్పటి లెక్క మనం టీవీలో చూసే ఇంగ్లండ్ లెక్కలాంటిది కాదు. ఒక్క సీజన్ పట్టిక చూసి కిందికి తోసేవాళ్లు కాదు, మూడు సీజన్ల పాయింట్ల సగటు తీసేవాళ్లు. రెండేళ్ల కిందటి చెత్త ఆటకు కూడా ఇవాళ శిక్ష పడొచ్చన్నమాట. అట్లాంటి సమయంలో ఆ క్లబ్ పాత ఆటగాడు హెరార్డో మార్టినో కోచ్‌గా వచ్చాడు. లివర్‌పూల్ నుంచి మాక్సి రోడ్రిగెజ్, రోమా నుంచి గాబ్రియేల్ హైన్సె తిరిగొచ్చారు. ఇగ్నాసియో స్కోకో కూడా వచ్చాడు. ముగ్గురూ న్యూవెల్స్‌లోనే పెరిగినవాళ్లు. 2013లో దేశ లీగ్‌లో టోర్నియో ఫైనల్ అనే టైటిల్ కొట్టారు, దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబర్టడోరెస్‌లో సెమీఫైనల్ దాకా పోయారు.

ఊరి మీద మారడోనాకు ప్రేమ తక్కువ, వీళ్లకు ఎక్కువ అని రాయకు. ప్రేమను కొలిచే తక్కెడ నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. కంటికి కనిపించే తేడాలు చాలు. వీళ్లు ఒంటరిగా రాలేదు, కలిసి వచ్చారు. ఏం చేయాలో ముందే తెలుసు, జట్టును నిలబెట్టాలి. కోచ్‌కు ఆ క్లబ్ గుట్టుమట్లన్నీ తెలుసు. రావాలా వద్దా అనేది నువ్వు వచ్చేవాడి గుండెలో వెతికావు. వచ్చాక ఏం పని, ఎవరితో కలిసి, ఎన్నాళ్లు అని అడిగి ఉంటే నీ వ్యాసం వేరే దారి పట్టేది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన విషయం. మెస్సీ దిగితే ఎవరు బయట కూర్చుంటారు? నీ నాలుగు పేజీల్లో ఆ కుర్రాడు లేడు.

ఒక ఆదివారం పొద్దున కాజీపేట రైల్వే గ్రౌండ్‌కు పో. ఒకప్పుడు బాగా ఆడిన పెద్దమనిషి ఎవరో ఒకరు బూట్లు చేతిలో పట్టుకుని వస్తారు. ఎవరూ ఏమీ అనరు. మధ్యలో ఆడుతున్న పోరడు తనంతట తానే జెర్సీ విప్పి ఇచ్చి, లైను బయట నీళ్ల సీసాల దగ్గర కూర్చుంటాడు. పెద్దాయన పాస్ ఇప్పటికీ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది, గ్రౌండంతా చప్పట్లు. బంతి పోయినప్పుడు మాత్రం ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. ఆయన వంతు పరుగు కూడా అటొకడు ఇటొకడు తీస్తుంటారు. నువ్వు వాళ్ల కాళ్లు చూడు, కూర్చున్నవాడి ముఖం చూడు, చూసింది చూసినట్టు రాసుకో. మెస్సీ గురించి రాయడానికి నీకు కావలసింది చాలావరకు అక్కడ దొరుకుతుంది.

ఎందుకంటే మెస్సీ ఇప్పుడు ఆడే అమెరికా క్లబ్ ఇంటర్ మయామీలో జరిగింది కూడా అదే, కాకపోతే డబ్బు పెట్టి చేశారు. బుస్కెట్స్, ఆల్బా, సువారెజ్ లాంటి బార్సిలోనా నాటి సహచరులను తెచ్చారు. 2025లో పరుగు తీయడానికి అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ డి పాల్‌ను తెచ్చారు. ఆ డిసెంబర్‌లో అమెరికా లీగ్ టైటిల్ ఎంఎల్‌ఎస్ కప్ గెలిచారు. న్యూవెల్స్ అంత జట్టు కట్టగలదా? అర్జెంటీనా క్లబ్బులు సభ్యుల సంఘాలు. సొంత అకాడమీలో పెరిగిన పిల్లలను యూరప్‌కు అమ్మి ఇల్లు నడుపుకుంటాయి. ఆ పిల్లాడు ఏడాదిపాటు నీళ్ల సీసాల పక్కన కూర్చుంటే, అమ్ముడుపోవలసినవాడు ఎవరి కంటా పడడు. టికెట్ల మీద, జెర్సీల మీద వచ్చేది ఎక్కువే కావచ్చు. కానీ ఈ రెండో లెక్క వేయకుండా ‘క్లబ్‌కు కాసుల పంట’ అని రాయకూడదు.

రొసారియో గురించి కూడా. 2023 మార్చిలో అక్కడ మెస్సీ భార్య కుటుంబానికి చెందిన సూపర్‌మార్కెట్ మీద కాల్పులు జరిపి, ‘మెస్సీ, నీ కోసం ఎదురుచూస్తున్నాం’ అని కాగితం వదిలి పోయారు. నీ వ్యాసంలో అభిమానుల నోట నువ్వు పెట్టిన మాట కూడా ఇదే, చూసుకున్నావా? 2024లో అర్జెంటీనా జట్టులో మెస్సీ సహచరుడు, అదే ఊరివాడు డి మరియా తిరిగి రావాలనుకుంటే అతని కుటుంబానికి బెదిరింపు వచ్చింది, ఆగిపోయాడు. మరుసటి ఏడు 37 ఏళ్ల వయసులో తన చిన్ననాటి క్లబ్, న్యూవెల్స్‌కు ఊళ్లోని ప్రత్యర్థి అయిన రొసారియో సెంట్రల్‌కు వచ్చేశాడు. ఆగస్టులో ఈ రెండు ఊరి జట్ల మ్యాచ్‌లో న్యూవెల్స్ మీదే ఫ్రీ కిక్ గోల్ కొట్టి 1-0తో గెలిపించాడు. నీ వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు, నువ్వేమో అతని పేరైనా ఎత్తలేదు. వ్యతిరేకంగా మాట్లాడే నేను అందించాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ చర్చ కొత్తదా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దుబాయ్ పోయినవాడు లేని వాడకట్టు తక్కువ. ‘ఇగ వచ్చెయ్’ అని ఫోన్‌లో అందరూ అంటారు. వచ్చిన మొదటి వారం చుట్టాలు, దావతులు. నెల దాటాక ‘మరి ఇప్పుడు ఏం చేస్తావు’ అని అడిగేది కూడా వాళ్లే. ఆ ఇళ్లలో ఈ రెండో ప్రశ్నే ముందు అడిగేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, ఎక్కువగా ఆడవాళ్లు. నీ వ్యాసంలో వాళ్ల గొంతు వినపడాలి.

ఉప్పల్ ముచ్చట నువ్వు రెండు పేరాలు రాశావు. 2025 డిసెంబర్ 13న మెస్సీని చూడటానికి పొద్దున్నే హన్మకొండలో బస్సెక్కి పోవడం, కనబడగానే కళ్లు చెమర్చడం. బాగుంది, ఉంచు. కానీ అక్కడ నువ్వు చూసింది దర్శనం, ఆట కాదు. అదే రోజు మధ్యాహ్నం కోల్‌కతాలో జనం వేలకు వేలు పోసి టికెట్ కొని, చుట్టూ మూగిన పెద్దమనుషుల వల్ల మెస్సీ కనబడక కుర్చీలు విరగ్గొట్టారు. దర్శనం కోసం పోయినవాడికి కోపం అట్లా వస్తుంది. న్యూవెల్స్ అభిమాని ఆదివారం మ్యాచ్‌లో మూడో ఓటమి తర్వాత ఎట్లా కోప్పడతాడు, ఎవరి మీద కోప్పడతాడు? అది ఊహించి ఒక పేరా రాయి. నీ చెయ్యి ఎంత దూరం పోతుందో అక్కడ తెలుస్తుంది.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా: రావద్దు. మయామీ ఒప్పందం 2028 దాకా ఉంది, అది ముగిసేసరికి అతనికి 41 ఏళ్లు దాటతాయి. ఆ వయసులో వస్తే మారడోనా లాంటి రాకే అవుతుంది, మాక్సి లాంటిది కాదు. ఒక వీడ్కోలు మ్యాచ్ ఆడి, తర్వాత క్లబ్ పిల్లల జట్ల దగ్గర ఏదైనా పని చూస్తే నాకు సంతోషం. నువ్వు దీనికి ఒప్పుకోనక్కర్లేదు. రావాలి అనే రాయి, కాకపోతే బయట కూర్చున్న కుర్రాడికి జవాబు చెప్పి రాయి.

ఇంకోటి. ‘మన ఆటగాళ్లూ ఇంటికి రావాలి’ అని చివర్లో ఊరికే అనేశావు. ఏ ఇంటికి? సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టి, 1956 ఒలింపిక్స్ ఆడి, 1962 ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి పోయి, ఆట ముగిశాక కూడా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. 2023లో అక్కడే కన్నుమూశాడు. 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ దాకా పోయిన గుగులోతు సౌమ్య దేశానికి తిరిగొచ్చి, 2024–25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఏ జట్టుతో? ఈస్ట్ బెంగాల్‌తోనే. స్వదేశీ లీగ్ ఉంది, అందులో మన ఊరు లేదు. ఇది చివరి పేరాలో ఇరికించే విషయం కాదు, విడిగా ఒక వ్యాసం. నాకైతే మెస్సీ కంటే ఇదే ముందు చదవాలని ఉంది.

మెస్సీ వ్యాసాన్ని సగానికి కుదించి పంపు, తొందర లేదు. రెండోది రాస్తానంటే మాత్రం ముందే ఫోన్ చెయ్యి. నిజామాబాద్‌లో నాకు తెలిసిన పాత పీఈటీలు ఉన్నారు, కలిసి పోదాం.

మీ అన్న