బెర్ఖ్టెస్‌గాడెన్‌లో తొందరొద్దు

చి. స్వాతికి,

బాబాయి ఆశీస్సులు. జూన్‌లో అన్నయ్యనీ వదిననీ మ్యూనిక్ నుంచి ఆల్ప్స్ కొండల్లోని బెర్ఖ్టెస్‌గాడెన్ ఊరికి తీసుకెళ్తున్నావట, సంతోషం. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దామన్న ఆలోచన మాత్రం మానుకో. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి చేరేసరికి మూడు గంటలకు దగ్గరపడుతుంది. బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రమంతా లోకల్ రైళ్ళలో తిరిగే రోజు టికెట్) చవకే గానీ మామూలు రోజుల్లో పొద్దున 9 కొట్టాకే చెల్లుతుంది. రెండు రాత్రులు ఉండండి.

ఎండ కాసిన పొద్దుటిపూట క్యోనిగ్‌జే సరస్సుకి వెళ్ళండి, అదీ జనం దిగకముందే. 1909 నుంచి అక్కడ నడిచేవి కరెంటు పడవలే, ఇంజన్ మోత ఉండదు. నడిమధ్యలో పడవ ఆపి, కొండగోడ వైపు బాకా ఊదుతారు. ఊదిన ప్రతి పలుకూ తిరిగొస్తుంది. ఆ తర్వాత టోపీ పడతారులే, చిల్లర దగ్గరుంచుకో. ఎర్ర గుమ్మటాల సెయింట్ బార్తొలొమే చర్చి దగ్గర అందరూ దిగిపోతారు. మీరు చివరి రేవు జాలెట్ దాకా వెళ్ళండి. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే ఓబర్‌జే అనే చిన్న సరస్సు. నాకైతే పెద్దదానికన్నా అదే నచ్చింది. ఆఖరి పడవ ఎన్నింటికో దిగగానే చూసుకో, అటు రోడ్డు లేదు.

వాన పడితే ఉప్పుగని. 1517 నుంచి తవ్వుతున్నారు. ఆ ఊరు బతికిందే ఉప్పు మీద. పైదుస్తులు వాళ్ళే ఇస్తారు, బుల్లి రైల్లో లోపలికి తీసుకెళ్తారు. చెక్క జారుడుబల్లలు చూసి వదిన భయపడుతుందేమో, పక్కనే మెట్లున్నాయి. లోపల 12 డిగ్రీలే, స్వెట్టర్ మర్చిపోవద్దు.

కేల్‌స్టైన్ కొండ మీద నాజీల కాలంలో కట్టిన ఇంటి గురించి అందరూ ఊదరగొడతారు. ఎత్తు 1834 మీటర్లు. సొంత కార్లు పోనివ్వరు, కింద ఉన్న ఓబర్‌జాల్ట్స్‌బెర్గ్ నుంచి ప్రత్యేక బస్సులోనే వెళ్ళాలి. పైన 124 మీటర్ల సొరంగం నడిచి, అంతే ఎత్తు లిఫ్టులో ఎక్కాలి. లోపల ఉన్నది హోటలే, వెళ్ళేది దృశ్యం కోసం. మబ్బు పట్టిందా, డబ్బు దండగ. చరిత్రంటే పడిచచ్చే అన్నయ్యకి కింద ఓబర్‌జాల్ట్స్‌బెర్గ్‌లో ఉన్న డాక్యుమెంటేషన్ సెంటర్ అనే మ్యూజియం చూపించు. హిట్లర్ ఓబర్‌జాల్ట్స్‌బెర్గ్‌ని ఎలా ఆక్రమించాడో, అక్కడి వాళ్ళని ఎలా వెళ్ళగొట్టారో అక్కడే తెలుస్తుంది. రెండు గంటలైనా పడుతుంది, తొందరపెట్టకు.

పులిహోర కట్టుకెళ్ళు. వదినకి అక్కడి తిండి ఒక పూటకి మించి ఎక్కదు.

బాబాయి