నరాల మీద పరిశోధన చేస్తానంటోంది.. నీట్ మాన్పించాలా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఈమధ్య వాళ్ల మేనమామ బైక్ మీంచి పడితే మోచేతి దగ్గర నరం దెబ్బతింది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. అప్పట్నుంచీ నరం మీది మైలిన్ పొరను ఎలా కాపాడాలో పరిశోధన చేస్తానంటోంది. నీట్ మాన్పించాలా? ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, నీట్ మాన్పించకండి. అలాగని అమ్మాయి మాటను నాలుగు రోజుల మోజని కొట్టిపారేయకండి. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ పూర్తిగా తేలని ప్రశ్న అది.

చేతుల్లో, కాళ్లలో నరాలకు మైలిన్‌ను చుట్టేవి శ్వాన్ కణాలు. ఈ పొర మందంగా ఉన్న తంతువుల్లో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తగలదు. పొర లేనివాటిలో ఒకటి, రెండు మీటర్లే. నరం తెగితే ఏమవుతుందో తెలుసా? తెగినచోటి నుంచి కిందికి, శ్వాన్ కణమే తాను చుట్టిన మైలిన్‌ను ముక్కలు చేసుకుంటుంది. మిగిలిన తుక్కును మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు ఊడ్చేస్తాయి. ఆ తుక్కు అక్కడే ఉండిపోతే కొత్తగా పెరిగే తంతువుకు అడ్డం. అంటే ఇక్కడ మైలిన్ పోవడం కూడా బాగుపడటంలో భాగమే! నరం నలిగినా లోపలి ఆక్సాన్, అంటే సంకేతాన్ని మోసే తంతువు, తెగకుండా మిగిలితే మాత్రం లెక్క వేరు. అప్పుడు పొరను నిలబెట్టగలిగితే చెయ్యి త్వరగా దారికొస్తుంది. ఆక్సాన్ తెగితే మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే కాబట్టి, మోచేతి నుంచి వేళ్ల దాకా రావడానికి ఏడాది పట్టొచ్చు. ఈలోగా కండ చిక్కిపోతుంది. ఏ దెబ్బకు పొరను కాపాడాలి, ఏ దెబ్బకు పోనివ్వాలి అన్నదే అసలు చిక్కు.

మేనమామకు నెర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతం ఎలా వెళ్తోందో తెర మీద అలలా చూపేది) చేయించేటప్పుడు, ఆయన ఒప్పుకుంటే, అమ్మాయిని వెంట పంపండి. సంకేతం వేగం తగ్గితే మైలిన్ దెబ్బతిందని, అల ఎత్తు తగ్గితే ఆక్సాన్లు పోయాయని డాక్టర్లు అనుమానిస్తారు. పుస్తకంలో చదివింది తెర మీద గీతలా కనబడినప్పుడు అమ్మాయి ఏం అడుగుతుందో గమనించండి. మేనమామ చెయ్యి ఎప్పుడు బాగవుతుందనా, ఆ గీత అలా ఎందుకొచ్చిందనా? మొదటిది ఎక్కువైతే డాక్టర్ చదువు, రెండోది ఎక్కువైతే సైన్స్ చదువు నప్పుతుందని నా నమ్మకం.

సైన్స్ వైపైతే ఐసర్‌లనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల్లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, తిరుపతిలోనూ ఒకటుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మీ ఇంటికి దగ్గర్లోనే, హబ్సిగూడలో, 1977లో మొదలైన సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన కేంద్రం ఉంది. ఓపెన్ డే నాడు తప్పకుండా తీసుకెళ్లండి. చర్లపల్లిలో లెప్రా సంస్థ వాళ్ల బ్లూ పీటర్ కేంద్రం కుష్టు మీద పనిచేస్తుంది. కుష్టు బ్యాక్టీరియా ఈ శ్వాన్ కణాల్లోనూ కాపురం పెడుతుంది.

బతుకుతెరువు గురించి దాచకుండా చెబుతాను. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. కానీ పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ముప్ఫైకి దగ్గరవుతుంది. పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. ఎంబీబీఎస్, ఎండీ, డీఎం న్యూరాలజీ చేసినా దాదాపు అంతే వయసొస్తుంది గానీ, దారి మధ్యలో ఆగినా సంపాదన ఉంటుంది. ఈ తేడాను అమ్మాయి ముందు పెట్టండి, భయపెట్టడానికి మాత్రం కాదు.

ఈ ఏడాది నీట్‌తో పాటు ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీ కూడా రాయించండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ప్రిపరేషన్ చాలావరకు ఒకటే. ఐఏటీలో ఉన్న 60 ప్రశ్నల్లో 15 మాత్రం మ్యాథ్స్. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. రోజూ ఓ గంట పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ లెక్కలు ఇప్పట్నుంచే మొదలుపెట్టించండి.