అమ్మ చుక్కల మందు మానేసింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె, నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. అమ్మకు 62 ఏళ్లు. గడపలు తట్టుకుంటోందని ఇక్కడ చూపిస్తే నీటికాసులు అన్నారు, రోజూ రాత్రి చుక్కల మందు వేయమన్నారు. ఊరికెళ్లాక మూడు నెలలకే మానేసింది. ‘చూపేం పెరగలేదు, పక్కింటి వదినకు పొర తీస్తే మర్నాటికే కనపడింది, నాకూ ఆపరేషన్ చేయించు’ అంటోంది. ఏం చెప్పాలి డాక్టర్ గారూ?

జవాబు: మీ అమ్మగారు అడిగినదాంట్లో తప్పేం లేదు, ఊళ్లో ఆవిడ చూసిన కంటిజబ్బు పొర ఒక్కటే. అది శుక్లం. మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెడితే చూపు వస్తుంది. నీటికాసుల్లో పాడయ్యేది కంటి నరం. చాలామందికి కంటి లోపల ప్రెషర్ పెరిగి, కొందరికి ప్రెషర్ మామూలుగానే ఉన్నా, ఆ నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది, అలా పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ముందు పోయేది పక్కచూపు, అందుకే ఎదురుగా టీవీ బాగానే కనిపిస్తుంది కానీ కాలికి గడప తగులుతుంది. చాలామందికి నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇది ఆవిడకు దాచకుండా చెప్పండి. ‘మందు చూపు పెంచడానికి కాదమ్మా, ఉన్న చూపు పోకుండా ఉండడానికి, బీపీ మాత్ర లాగా రోజూ వేసుకోవాల్సిందే’ అనండి. చీటీ రాసిచ్చిన రోజే ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఈ మాట చెప్పి ఉంటే ఆవిడ మానేసేది కాదేమో, నాకు బాధగా ఉండేది అక్కడే.

మళ్లీ వెంటనే చూపించండి, ఈ నెలల్లో నరం ఎంత దెబ్బతిందో ఫీల్డ్ టెస్ట్‌లో, అంటే పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్షలో తెలుస్తుంది. ఖర్చు భారమైతే బెంగళూరులో మింటో ఆసుపత్రి ఉంది, సర్కారుదే, 1896 నుంచి కళ్లకే పనిచేస్తోంది. ఉబ్బసం ఉంటే తప్పకుండా చెప్పాలి, కొన్ని చుక్కల మందులు పడవు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూల రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచమనండి. కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మందు తెచ్చుకుంటారు చూడండి, అది మాత్రం వద్దే వద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఇది పల్లెటూళ్ల జబ్బు అనుకోకండి. చెన్నైలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ 40 దాటినవాళ్లకు పరీక్షలు చేస్తే, ఎక్కువగా కనిపించే రకం నీటికాసులు పట్నంలోనే ఎక్కువ ఉన్నాయి, రెండు చోట్లా జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఆ సంగతే తెలియదు. అమ్మకు ఉందంటే మీకూ, మీ తోబుట్టువులకూ వచ్చే అవకాశం ఎక్కువ. కళ్లజోడు షాపులో చేసే కంప్యూటర్ టెస్ట్‌లో ఇది బయటపడదు, డాక్టర్ కంటి నరం చూడాలి. అమ్మను తీసుకొచ్చిన రోజే మీరూ చూపించుకోండి.