చుట్టుముట్టినప్పుడు ఎలా తప్పించుకోవాలి?

ప్రశ్న: స్లీపింగ్ డాగ్స్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. ఒక్కడైతే తేలిగ్గా కొట్టేస్తా. ఐదారుగురు మీద పడితే మాత్రం బటన్ ఎంత వేగంగా నొక్కినా దెబ్బలు తింటున్నాను. ఎందుకని?

జవాబు: ఆ వేగంగా నొక్కడమే అసలు ఇబ్బంది. వరసగా కొడుతూ పోతే కళ్లు ముందున్నవాడికే అతుక్కుపోతాయి, పక్కవాడు చెయ్యెత్తినా కనిపించదు. ఈ ఆటలో దాడి చేయబోయేవాడు ఒక్క క్షణం ఎర్రగా మెరుస్తాడు. దెబ్బను తిప్పికొట్టే కౌంటర్ బటన్ (ప్లేస్టేషన్‌లో ట్రయాంగిల్, ఎక్స్‌బాక్స్‌లో వై) నొక్కాల్సింది అప్పుడే. భయంతో ముందే నొక్కితే అది గాల్లోకి పోతుంది, ఆ వెంటనే దెబ్బ పడుతుంది.

కాబట్టి రెండు మూడు దెబ్బలు కొట్టి ఆగండి, చుట్టూ చూడండి. కెమెరాను ఎక్కువమంది కనిపించేలా తిప్పుకోండి. వీలైతే అందరూ ఒకే వైపు ఉండేలా వెనక్కి జరగండి. గుంపు మధ్యలో నిలబడటం అన్నిటికన్నా చెడ్డ చోటు.

పట్టు బటన్‌ను తక్కువ అంచనా వేయకండి. పట్టుకున్నాక పరిసరాల్లో ఎర్రగా వెలిగే వస్తువు దగ్గరికి ఈడ్చుకెళ్లి మళ్లీ అదే బటన్ నొక్కితే ఒకడు పూర్తిగా తగ్గుతాడు.

అన్నట్టు, టీవీలో ఆడుతుంటే టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేశారా? అది లేకపోతే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, ఎరుపు చూసి నొక్కేసరికి సమయం దాటిపోతుంది. ఆటలో దొరికే జేడ్ విగ్రహాలను కుంగ్‌ఫూ గురువుకు తెచ్చిస్తే కొత్త దెబ్బలు నేర్పుతాడు, వాటినీ వెతకండి.